బంగళా వెనకాల ఏముండేది?

అమెరికా దక్షిణాది అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సినిమాల్లో చూసిన తెల్లటి స్తంభాల బంగళా. జార్జియాలో ఉంటున్నానని తెలిస్తే చుట్టాలు అడిగేదీ ఆ ఫొటోలే. పంపుతాను. కానీ ఆ బంగళా వెనకాల ఏముండేదో కూడా చూడమంటాను.

అది చూడగలుగుతున్నామంటే కారణం 1930ల ఆర్థిక మాంద్యం. కొత్త కట్టడాలు ఆగిపోయి ఆర్కిటెక్టులకు పని లేకుండా పోయింది. నేషనల్ పార్క్ సర్వీస్‌లో పనిచేసే చార్లెస్ పీటర్సన్ 1933 నవంబరులో ఒక ప్రతిపాదన పెట్టాడు: 1,000 మందికి 10 వారాలు పనిస్తే, శిథిలమవుతున్న పాత కట్టడాలను కొలిచి, గీసి, ఫొటోలు తీస్తారని. అలా మొదలైన సర్వే ఇప్పటికీ సాగుతోంది.

అదే కాలంలో ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ కూడా ఇలాంటి పనికే బయల్దేరారు. ఆవిడ పుట్టింది 1864లో. ఒకప్పుడు అధ్యక్షుల ఫొటోలు తీసినావిడ, డెబ్బయ్యో పడికి దగ్గరపడ్డాక కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చిన సొమ్ముతో, కారులో పెద్ద కెమెరా వేసుకుని వర్జీనియా నుంచి లూసియానా దాకా తిరిగారు. 7,000కు పైగా ఫొటోలు! భవంతులతో సరిపెట్టుకోలేదు. వంటిళ్ళు, కొట్టాలు, పిండిమరలు, బానిసలుండిన ఇళ్ళు కూడా తీశారు. నాకు ఆవిడంటే గౌరవం అందుకే.

జార్జియాలో సవానా దగ్గరి హెర్మిటేజ్ తోట (ప్లాంటేషన్) సంగతే చూడండి. సర్వేవాళ్ళు 1934లో తీసిన ఫొటోల్లో చెట్ల కింద వరుసగా చిన్న చిన్న ఇటుక ఇళ్ళు, ఒక్కోదానికి ఒక పొగగొట్టం. అంత చిన్న ఇంట్లోనే సంసారమంతా. ఆ ఇటుకలు కాల్చింది అక్కడి బానిసలే. వాళ్ళు చేసిన బూడిదరంగు ఇటుకలే సవానా నగరంలో గోడలై లేచాయి. ఫొటో కింద మాత్రం 'బానిసల నివాసాలు' అని ఉంటుంది, అందులో బతికినవాళ్ళ పేర్లుండవు. ఆ లోటు నన్ను చాలా బాధపెడుతుంది.

తర్వాత కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ ఆ తోట కొన్నాడు. బంగళా పడగొట్టించి, ఆ ఇటుకలతో రిచ్‌మండ్ హిల్‌లో తన ఇల్లు కట్టించుకున్నాడు. బానిసల ఇళ్ళు రెండిటిని మిషిగన్‌లోని తన మ్యూజియానికి తరలించాడు. మిగతా వరుస ఎలా ఉండేదో తెలియాలంటే ఆ ఫొటోలే చూడాలి.

ఇవన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తోట పేరు కొట్టి చూడండి. ముందు వచ్చే బంగళా దగ్గరే ఆగకుండా, తర్వాతి ఫొటోలు కూడా తెరవండి.