సాహిణులు, సాయీసులు, గుఱ్ఱపు నెత్తురు

హైదరాబాదు నుండి శంషాబాదునకు బోవు పాత రహదారిలో ఆరాంఘరు కూడలి నేడు వంతెనలతోను, బస్సులతోను, విమానాశ్రయమునకు పరుగెత్తు కార్లతోను క్షణమైనను నిలువనీయని తావు. ఆ పేరునకు విశ్రాంతిగృహమని యర్థమగుట కాలము చేసిన చిన్న పరిహాసము. అయినను ఆ కూడలికి చేరువనే, 1948లో ఆబూ పర్వతమున స్థాపితమై 1975లో శివరాంపల్లికి తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో యువాధికారులకు గుఱ్ఱపుస్వారి నేటికిని నేర్పబడుచున్నది. ఆ పొరుగుననే రాజేంద్రనగరమున పశువైద్య కళాశాల యున్నది. గుఱ్ఱమును నడుపు విద్యయు, దాని నెత్తురును పరీక్షించు విద్యయు ఇరుగుపొరుగులై యున్న ఈ సీమనుండి ఆ రెండింటి సంబంధమును ఒకింత తలపోయుట అనుచితము గాదు.

తెలుగుదేశమునకు మేలుజాతి గుఱ్ఱము పరదేశమునుండి ఓడనెక్కి వచ్చిన యతిథి. పదుమూడవ శతాబ్దమున దక్షిణతీరమును జూచిన మార్కోపోలో, తమిళరాజులు ఏటేట అపారధనము వెచ్చించి అరబ్బుగుఱ్ఱములను గొనుచు, పోషణ మెఱిగినవారు లేక వానిని పోగొట్టుకొనుచుండిరని వ్రాసియున్నాడు. కొనుట ధనికుని పని, కాపాడుట నేర్పరి పని. అందుచేతనే కాకతీయులనాడు అశ్వసేనను చూచువానికి సాహిణి యను గౌరవనామ మేర్పడెను, గణపతిదేవుని గొలిచిన గంగయసాహిణి పేరున ఆ పదవి నేటికిని నిలిచియున్నది. మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ప్లుతము, వల్గితము, రేచితము, ధౌరితకము, ఆస్కందితము అని గుఱ్ఱపు గతులను ఐదు ధారలుగా విభజించిన మన పెద్దలు, ఒక గతి కుదురుపడిన గాని వేఱొక గతికి బోరాదని యెఱిగినవారు. నెత్తురును వారు సిరను గోసి వెలికిదీయవలసిన దోషస్థానముగా జూచిరేకాని, వ్యాయామముచే పెరుగు ధనముగా నెంచలేదు.

ఆసఫ్‌జాహీల కాలమున గుఱ్ఱము యుద్ధమునకును, వినోదమునకును సమముగా పనికివచ్చెను. 1868లో మౌలాలీలో మొదలైన పందెములు, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రాపున 1886లో మలకపేటకు చేరెను. 1918లో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధపురపు రౌతులతో గూడి పాలస్తీనా రణభూమిలో నుండిరి. అంతకు మునుపే 1880లో పంజాబున గ్రిఫిత్ ఎవాన్స్ అను బ్రిటిషు సైన్యపు పశువైద్యుడు సుర్రా వ్యాధి సోకిన గుఱ్ఱముల నెత్తురులో పరాన్నజీవిని కనిపెట్టుటతో, అశ్వరక్తము సూక్ష్మదర్శిని క్రిందికి వచ్చెను. కాని అది రోగము కొఱకు, బలము కొఱకు గాదు.

బలము కొఱకైన విచారణ ఇరువదవ శతాబ్దమునాటిది. 1920ల దశకమున కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్, ప్లీహము ఎఱ్ఱకణములకు నిలువయిల్లని నిరూపించెను. గుఱ్ఱమున ఈ కొట్టు మిక్కిలి పెద్దది. ఊరక నిలిచియున్నపుడు దాని రక్తమున ఎఱ్ఱకణముల పాలు నూటికి 40 ప్రాంతమున నుండును. దౌడు తీయగానే ప్లీహము ముడుచుకొని దాచిన కణములను వెలికి జిమ్మగా ఆ పాలు 60కిని మించును. నిముసమునకు 30, 40 సారులు కొట్టుకొను గుండె 220 దాటి కొట్టుకొనును. ఎఱ్ఱకణములకు ఆరాంఘరు ప్లీహమే యనిన తప్పుగాదు.

స్వీడను పశువైద్యుడు సూనే పెర్సన్ 1967లో, పందెపుగుఱ్ఱముల పనితనమునకును వాని మొత్తము రక్తపు పరిమాణమునకును గల బాంధవ్యమును కొలిచి చూపెను. శిక్షణ మొదలైన కొలది వారములలో ముందు నెత్తురులోని ద్రవభాగమగు ప్లాస్మా పెరుగును. కణముల మొత్తము పెరుగుటకు మాసములు పట్టును. అలవాటైన గుఱ్ఱము మునుపటి వేగముననే పరుగెత్తినను దాని నెత్తురున లాక్టికామ్లము తక్కువగా చేరును. అయితే విశ్రాంతి నీయక తోలిన గుఱ్ఱములలో కొన్నింటికి ఎఱ్ఱకణములు మితిమీఱి పెరిగి పరుగు తగ్గుటయు స్వీడనులో గానవచ్చెను.

ఇంకొక చిక్కు గలదు. సూదిని జూచి బెదరిన గుఱ్ఱము ప్లీహమును ముడుచుకొనును, రక్తహీనమైనదియు క్షణకాలము సంపన్నమైనట్లు కనబడును. కావున రక్తపరీక్ష చీటిలోని యంకెను మాత్రమే నమ్మి గుఱ్ఱమును వెలగట్టువాడు మోసపోవును. ఒకే వేళ, ఒకే నెమ్మదిలో, పలుమారులు తీసిన నెత్తురే నిజము చెప్పును.

1961లో ఏర్పడిన హైదరాబాదు రేసుక్లబ్బు నీడన మలకపేట మైదానములో నేటికిని ఉదయపు చలిలో గుఱ్ఱములు ముందు నడక, పిదప ట్రాట్, క్యాంటర్, తుదకు గ్యాలప్ అభ్యసించును. పరుగు ముగిసినపిదప చెమట ఆరువఱకు గుఱ్ఱములను సాకు సాయీసు వానిని మెల్లగా త్రిప్పును. పందెపు గెలుపు జాకీ పేరనో, ట్రైనరు పేరనో వ్రాయబడును. పదవిలో సాహిణికి ఎన్నో మెట్లు క్రిందివాడైనను, గుఱ్ఱపు నెత్తురును పెంచువారిలో మొదటివాడు ఆ సాయీసే.