జపాన్ స్వరశ్రేణులు, పాశ్చాత్య హార్మొనీ: మనోధర్మానికి దారి దొరికిన తీరు

మేజీ యుగంలో జపాన్ పాశ్చాత్య విద్యను ఆహ్వానించింది. సంగీతంలో ఈ ఆహ్వానం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఆ చిక్కు ఏమిటో, తరువాతి తరాలవారు దాన్ని ఎలా విడదీశారో ఈ భాగంలో పరిశీలిద్దాం.

కోతో, షామిసెన్ వాద్యాలపై తరచుగా వినిపించే 'మియాకోబుషి' శ్రేణిలో ఐదే స్వరాలున్నాయి. మన పరిభాషలో అవి షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. ఇందులో గాంధారం లేదు. కాని పాశ్చాత్య పద్ధతిలో షడ్జమంపై కట్టే కార్డ్ మేజరా, మైనరా అని తేల్చేది గాంధారమే. వాద్యకారుడు దాన్ని చేరిస్తే శ్రేణి రంగు మారుతుంది. చేర్చకపోతే కార్డ్ అసంపూర్ణంగా మిగులుతుంది.

1879లో ప్రభుత్వం ఇసావా షూజీ నాయకత్వంలో సంగీత పరిశోధన విభాగాన్ని నెలకొల్పింది. మరుసటి ఏడాది బోస్టన్ నుంచి లూథర్ మేసన్ వచ్చాడు. పాఠశాల గీతాల్లో 'యొనానుకి' శ్రేణి స్థిరపడింది. నాలుగు, ఏడు స్వరాలు తీసివేసిన మేజర్ శ్రేణి ఇది; మన మోహన స్వరాలే. ఇది హార్మొనీలో సులభంగా ఒదిగింది. అంటే ఇక్కడ హార్మొనీకి అనువైన స్వరాలకే పెద్దపీట దక్కింది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 1880లో 'కిమిగాయో' గీతానికి హార్మొనీ కూర్చిన ఫ్రాంజ్ ఎకర్ట్, ఆరంభాన్నీ ముగింపునూ కార్డులు లేకుండా ఒకే స్వరధారగా ఉంచాడు.

జాజ్‌లో సమస్య మరింత పదునెక్కింది. బీబాప్‌లో కార్డులు వేగంగా మారతాయి. ఐదు స్వరాలతో వాటి వెంట పరుగెత్తడం కష్టం. 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డుతో మోడల్ జాజ్ బలపడింది. ఒకే ఆధారంపై చాలాసేపు నిలిచే ఈ పద్ధతిలో స్వరశ్రేణికి ఊపిరి పీల్చుకునే చోటు దొరికింది. అంతకు ముందే, 1958లో, కొయిజుమి ఫుమియో జపాన్ శ్రేణులకు పునాది చతుర్థ అంతరమని సిద్ధాంతీకరించాడు. మోడల్ జాజ్ పియానిస్టులు ఇష్టపడినవి కూడా చతుర్థాలతో పేర్చిన కార్డులే.

మియాకోబుషిలో ప-స-మ అలా పేర్చవచ్చు. రి-మ-ధ మేజర్ కార్డ్ అవుతుంది. మ-ధ-స మైనర్ అవుతుంది. ఆధారం మారుతుంది, స్వరాలు మారవు. 1970లో షాకుహాచి విద్వాంసుడు యమమోతో హోజాన్, పియానిస్ట్ కికుచి మసబుమితో కలిసి చేసిన 'గింకాయ్' ఈ కాలపు సమాగమానికి మంచి ఉదాహరణ.

ఒక సంస్కృతి మరొకదాన్ని స్వీకరించినప్పుడు ఎవరు ఎవరికి అనుగుణంగా మారారన్నది చరిత్ర విద్యార్థి తప్పక అడగవలసిన ప్రశ్న. మేజీ పాఠశాలలో స్వరాలు హార్మొనీకి సర్దుకున్నాయి. తొంభై ఏళ్ల తరువాత హార్మొనీ స్వరాలకు సర్దుకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గాంధారం లేకపోవడం హార్మొనీకి ఎందుకు సమస్య అయింది? మోడల్ జాజ్ దాన్ని ఎలా పరిష్కరించింది?