గీత, దూలం, అతుకు

రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్ కింది అంచున ఒక చిన్న గుర్తు ఉంటుంది. నొక్కితే మూడు మాటలు వస్తాయి: కోర్స్, మీడియం, ఫైన్. ప్లాన్‌లో ఉక్కు దూలాలు పెట్టి ‘కోర్స్’ ఎంచుకుంటే ఒక్కో దూలం ఒట్టి గీతలా కనబడుతుంది. ‘ఫైన్’కి మారిస్తే ఆ గీతకే వెడల్పు వస్తుంది, అంచులు తేలతాయి, మధ్య పలక మందం కూడా తెలుస్తుంది. దూలం మారలేదు, మనం ఎంత దగ్గర్నించి చూస్తున్నామన్నదే మారింది. రోజూ ఈ పని చేసేవాళ్ళు దీని గురించి రెండోసారి ఆలోచించరు. నాకు మాత్రం ఉక్కు కట్టడాల చరిత్రలో చాలా భాగం ఈ మూడు మాటల మధ్యే జరిగిందనిపిస్తుంది. ఇంజనీరు గీసిన గీత కార్ఖానాలో దూలం అయ్యేలోపు మధ్యలో దాన్ని ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నదే ఆ చరిత్ర.

హైదరాబాదులో కొన్నేళ్ళు స్టీల్ డిటైలింగ్ పని చేశాను. ఇంజనీరు పంపిన డ్రాయింగులు చూసి ప్రతి దూలాన్నీ, స్తంభాన్నీ, బోల్టునీ కంప్యూటర్లో నిలబెట్టి, ఏ ముక్క ఎంత పొడవు కోయాలో, ఏ చిల్లు ఎక్కడ వేయాలో కార్ఖానాకి చెప్పే పని అది. హైదరాబాదు, చెన్నై లాంటి ఊళ్ళలో ఇలాంటి ఆఫీసులు చాలానే ఉన్నాయి. కట్టే భవనాలు ఎక్కువగా అమెరికావి, కెనడావి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన భాషలో తిట్టు. మాకు అందుకే జీతం ఇచ్చేవాళ్ళు.

దూలాన్ని మోడల్లో పెట్టాలంటే ముందు ఒక జాబితాలోంచి సైజు ఎంచుకోవాలి. ఈ జాబితా మౌస్ కింద ఎంత మామూలుగా జారిపోతుందంటే, ఇది ఎప్పుడూ ఉన్నదే అనిపిస్తుంది. కానీ పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటన్‌లో ఏ మిల్లు కొలతలు ఆ మిల్లువి. 1895లో స్కెల్టన్ అనే ఇనుము వ్యాపారి ఈ గందరగోళం మీద లండన్ టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. లండన్ టవర్ బ్రిడ్జి కట్టిన ఇంజనీర్లలో ఒకరైన సర్ జాన్ వుల్ఫ్ బ్యారీ చొరవతో 1901లో ప్రమాణాల కమిటీ ఏర్పడింది. కట్టడాల్లో వాడే ఉక్కు సెక్షన్లు అప్పటికి 175 రకాలుండేవి. వాటిని ఆ కమిటీ 113కి తగ్గించింది.

మన దేశంలో ఇదే పని స్వాతంత్ర్యం తర్వాత జరిగింది. ఉక్కుకి కరువున్న రోజులు. ఉన్న ఉక్కుతోనే ఎక్కువ బరువు మోయించాలి. ‘ఐ’ అక్షరం ఆకారమే ఆ పొదుపులోంచి పుట్టింది. దూలం వంగినప్పుడు పై భాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది, నడుమ భాగానికి ఆ బాధ తక్కువ. అందుకని ఉక్కునంతా పైనా కిందా రెక్కల్లో పోగేసి, మధ్యలో పలచటి పలక ఉంచుతారు. ఏ సైజుకి రెక్క ఎంత, పలక ఎంత అన్నది తేల్చడానికి భారత ప్రమాణాల సంస్థ 1950లో ఉక్కు పొదుపు కార్యక్రమం మొదలుపెట్టింది. 1964లో సెక్షన్ల హ్యాండ్‌బుక్ వచ్చింది. అందులో ఐఎస్‌ఎంబి 300 అంటే ఎత్తు 300 మి.మీ., రెక్క వెడల్పు 140 మి.మీ., బరువు మీటరుకి 44.2 కిలోలు. తర్వాతి ప్రమాణాల్లో అంకెలు కొంచెం మారాయి గానీ, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఆ పాత పట్టికల పేజీలు ఎక్కాల పుస్తకంలా గుర్తుంటాయి.

పట్టిక మీటరుకి ఎంత బరువో చెబుతుంది. మొత్తం కట్టడం బరువెంతో మనిషే కూడుకోవాలి. కూడిన తర్వాత డిజైన్ మారితే మళ్ళీ కూడాలి. ఇది చాలా చిన్న విషయంలా వినిపిస్తుంది. కెనడాలో క్విబెక్ దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద దీని ఖరీదు తెలిసింది.

ఆ వంతెన మధ్య భాగం పొడవు మొదట 1600 అడుగులు. సలహాదారు ఇంజనీరు థియడోర్ కూపర్ దాన్ని 1800 అడుగులు చేయించాడు. ప్రపంచంలోకెల్లా పొడవైన కాంటిలీవర్ వంతెన కావలసింది. దూరం పెరిగితే ఉక్కు పెరుగుతుంది, ఆ ఉక్కుని మోయడానికి ఇంకా ఉక్కు కావాలి. అయినా ముందు వేసుకున్న బరువు లెక్కల్ని సరిగ్గా తిరగరాయలేదు. అసలు బరువు అనుకున్నదాని కంటే బాగా ఎక్కువని తేలేసరికి చాలా ఉక్కు కార్ఖానాలో తయారైపోయింది, పని మొదలైపోయింది. కూపర్ న్యూయార్కులో ఉన్నాడు. ఆ కాస్త అదనపు ఒత్తిడిని తట్టుకుంటుందిలే అని ఒప్పుకున్నాడు. కింది కడ్డీలు వంగుతున్నాయని సైటు నుంచి కబురొచ్చాక, ఇక బరువు ఎక్కించొద్దని తంతి పంపాడు. అది వెళ్ళింది వంతెన దగ్గరికి కాదు, పెన్సిల్వేనియాలో కంపెనీ ఆఫీసుకి. 1907 ఆగస్టు 29 సాయంత్రం వంతెన దక్షిణం వైపు భాగం నదిలో కూలిపోయింది. ఆ సమయానికి పనిలో ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వాళ్ళలో ముప్ఫైమందికి పైగా కానవాగే అనే ఒక్క ఊరి మోహాక్ తెగవాళ్ళు.

విచారణ కమిషన్ చాలా లోపాలు ఎత్తిచూపింది. నలిగిపోయిన కడ్డీల అల్లిక బలహీనంగా ఉండటం అందులో పెద్దది. నా పనికి దగ్గరిది మాత్రం ఆ తిరగరాయని లెక్క. గీతకి బరువుండదు. 1600 అడుగుల గీతని 1800 చేయడానికి ఒక రబ్బరు, ఒక పెన్సిలు చాలు. గీత పొడవు పెరిగితే బరువు లెక్క కూడా పెరగాలన్న సంగతి కాగితానికి తెలీదు, అది మనిషి గుర్తుపెట్టుకోవాలి.

కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం మొదలైన తొలిరోజుల్లోనే ఈ సంగతి ఎవరికో ఒకరికి తట్టింది. 1963లో ఐవన్ సదర్లాండ్ ఎమ్‌ఐటిలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. తెర మీద లైట్ పెన్‌తో గీస్తే బొమ్మ వచ్చేది. అతని థీసిస్‌లో వంతెన బొమ్మలున్నాయి. వంతెనకి బరువు తగిలిస్తే ఏ కడ్డీలో ఎంత బలం పడుతుందో పక్కనే అంకెల్లో కనబడేది. అంటే తొలి అడుగులోనే గీతకి తన బాధ తాను చెప్పుకోవడం నేర్పారు. 1975లో చార్ల్స్ ఈస్ట్‌మన్ అమెరికన్ ఆర్కిటెక్టుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భవనానికి డ్రాయింగుల బదులు కంప్యూటర్లో ఒకే వర్ణన ఉండాలని, ప్లానూ సెక్షనూ అన్నీ అందులోంచే రావాలని అతని వాదన. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి.

ప్రపంచం అతని మాట వెంటనే వినలేదు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ మళ్ళీ గీతలే గీసింది, డ్రాయింగ్ బోర్డు తెరమీదికి మారిందంతే. ఉక్కు వరకూ అసలు మలుపు ఫిన్లాండ్‌లో వచ్చింది. 1966లో పుట్టిన టెక్లా కంపెనీ తొంభైల్లో ఎక్స్‌స్టీల్ తెచ్చింది. తర్వాత దాని పేరే టెక్లా స్ట్రక్చర్స్ అయింది. ఆర్కిటెక్టుల వైపు 1997లో మొదలైన చిన్న కంపెనీ 2000లో రెవిట్‌ని విడుదల చేసింది. రెండేళ్ళకి ఆటోడెస్క్ ఆ కంపెనీని 13.3 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

ఈ సాఫ్ట్‌వేర్లలో పని ఎలా ఉంటుందంటే, ముందు గ్రిడ్ గీతలు వేస్తాం. అవి కలిసే చోట్ల స్తంభాలు నిలబెడతాం. స్తంభానికి ఇంత ఎత్తని చెప్పం. ఈ అంతస్తు నుంచి ఆ అంతస్తు దాకా అని చెబుతాం. రేపు ఆర్కిటెక్టు అంతస్తుని అర మీటరు పైకి జరిపితే స్తంభం దానంతటదే సాగుతుంది. తర్వాత ఈ స్తంభం మీద ఒక నొక్కు, ఆ స్తంభం మీద ఒక నొక్కు, మధ్యలో దూలం కూర్చుంటుంది. అది తన సైజు, పొడవు, బరువు తెలిసిన దూలం. పట్టిక తెరిచామంటే మొత్తం టన్నులు అక్కడే ఉంటాయి. ఏ ఒక్కటి మార్చినా మొత్తం మారుతుంది. క్విబెక్‌లో ఎవరూ తిరగరాయని లెక్క ఇక్కడ ఎవరూ అడక్కుండానే జరిగిపోతుంది. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. డెబ్భై అయిదు మంది ప్రాణాలు తీసిన లోపాల్లో ఒకదానికి ఇది నిజమైన సమాధానం.

కానీ ఇంకో ప్రమాదం ఉంది. దానికి సమాధానం ఈ జాబితాల్లో దొరకదు.

అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ 1980లో తెరిచారు. లాబీ మీదుగా గాల్లో వేలాడే నడకదారులు దాని ఆకర్షణ. నాలుగో అంతస్తు దారి పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలకి వేలాడేది, సరిగ్గా దాని కింద రెండో అంతస్తు దారి. ఇంజనీర్ల డ్రాయింగులో పైకప్పు నుంచి రెండో అంతస్తు దాకా ఒకటే పొడవాటి కడ్డీ. నాలుగో అంతస్తు దూలంలోంచి దూరి కిందికి వెళుతుంది, ఒక్కో దారి కింద ఒక్కో నట్టు. అలా కట్టాలంటే అంత పొడవునా మర తిప్పాలి, నట్టుని అంతెత్తు ఎక్కించాలి. కార్ఖానావాళ్ళు ఒక కడ్డీని రెండు చేశారు. ఒకటి పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దూలానికి, రెండోది ఆ దూలం నుంచి కింది దారికి.

ఇద్దరు మనుషులు ఒకే తాడు పట్టుకుని ఒకరి కింద ఒకరు వేలాడుతున్నారనుకోండి. ఎవరి చేతులు వాళ్ళ బరువే మోస్తాయి. కిందివాడు తాడు వదిలేసి పైవాడి కాళ్ళు పట్టుకుంటే? తాడుకి తేడా ఏమీ లేదు. పైవాడి చేతుల మీద మాత్రం ఇద్దరి బరువు పడుతుంది. నాలుగో అంతస్తు దూలం కింద ఉన్న నట్టుకి జరిగింది అదే. 1981 జూలై 17 సాయంత్రం లాబీ నిండా డాన్సులకి వచ్చిన జనం. రెండు దారులూ ఒకదానిమీద ఒకటి కూలాయి. 114 మంది చనిపోయారు, రెండొందల మందికి పైగా గాయపడ్డారు. మొదటి డిజైను కూడా నిబంధనలు అడిగినంత బలమైనది కాదని, మార్పుతో అది సగానికి పడిపోయిందని విచారణలో తేలింది. ఆ అతుకుని కార్ఖానావాళ్ళు లెక్కగట్టుకుంటారని ఇంజనీర్లు అనుకున్నారు. ఇంజనీర్లు లెక్కగట్టే ఇచ్చారని కార్ఖానావాళ్ళు అనుకున్నారు. మార్చిన డ్రాయింగుల మీద ఇంజనీర్ల ముద్ర ఉంది. బాధ్యులైన ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి.

ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లో ఆ నడకదారుల్ని కడితే ఏమవుతుంది? నేను చాలాసార్లు ఆలోచించిన ప్రశ్న ఇది. ఒకటే కడ్డీ పెట్టినా, రెండు పెట్టినా మోడల్ చూడముచ్చటగానే ఉంటుంది. ఒక వస్తువు ఇంకోదాన్ని గుద్దుకుంటే చూపించే క్లాష్ పరీక్ష ఉంది. ఇక్కడ ఏదీ దేన్నీ గుద్దుకోదు. బరువుల మొత్తం కూడా సరిగ్గానే వస్తుంది. రెవిట్‌లో దూలానికి రెండు రూపాలుండొచ్చు. ఒకటి కంటికి కనబడే ఉక్కు, రెండోది లెక్కల కోసం దాని వెనకున్న సన్నటి గీత. ఆ లెక్కల రూపంలో అతుకు అంటే రెండు గీతలు కలిసే చుక్క. చుక్కలో నట్టు ఉండదు. కడ్డీ ఒకటైనా రెండైనా, ఆ గీతల్లో పై భాగం మీద రెండు దారుల బరువు, కింది భాగం మీద ఒక దారి బరువు పడతాయి. రెండు డిజైన్లకీ లెక్క ఒకటే వస్తుంది. మనుషుల్ని చంపిన తేడా అంతా ఆ చుక్క లోపల ఉంది. దాన్ని ఎవరైనా విడిగా విప్పి లెక్కగడితేనే కనబడుతుంది.

పాత డ్రాయింగులో గీతని చూస్తే ఇది ఇంకా పూర్తికాలేదని తెలిసేది. మోడల్లో దూలాలు నీడలతో సహా నిలబడి ఉంటాయి. అతుకు గురించి ఎవరూ ఆలోచించకముందే భవనం అయిపోయినట్టు కనబడుతుంది. ఈ భ్రమ ఉంటుందని తెలిసే, 2008లో అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ మోడల్లోని ఒక్కో భాగాన్ని ఎంతవరకు నమ్మొచ్చో 100 నుంచి అంచెలవారీగా అంకెలు వేసి చెప్పే పద్ధతి తెచ్చింది. అమెరికా ఉక్కు నిర్మాణ సంస్థ నియమావళి, అతుకుల డిజైన్ ఎవరి పనో కాంట్రాక్టులోనే తేల్చమంటుంది. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ కాగితాలు.

అతుకుని మొదట దగ్గర్నించి చూసేది డిటైలర్. ఇంజనీరు గీతలో దాగినదంతా అతని తెర మీద విప్పుకుంటుంది: ఈ బోల్టు బిగించడానికి పానా దూరుతుందా, ఈ కడ్డీ ఇక్కడ ఎందుకు తెగింది, తెగితే బరువు ఎటు పోతుంది. చాలాసార్లు ఆ డిటైలర్ భవనానికి పదివేల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదులో ఒక ఆఫీసులో, నైట్ షిఫ్టులో ఉంటాడు. ఆ భవనాన్ని ఎప్పుడూ చూడడు. ముద్ర వేసే అధికారం అతనికి లేదు. అతనికున్నది ఒకటే, ఇంజనీరుకి ప్రశ్న పంపే హక్కు. ఆర్‌ఎఫ్‌ఐ అంటారు దాన్ని. ప్రశ్న పంపితే జవాబు వచ్చేదాకా పని ఆగుతుంది, గడువు జరుగుతుంది. నేను చూసిన చోట్ల ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్ళకి నిదానంగా పనిచేస్తారన్న పేరొచ్చేది. ఎన్ని టన్నులు మోడల్ చేశావన్నది నెలాఖరు రిపోర్టులో ఉండేది. ఏ ప్రశ్న వల్ల ఏ అతుకు మారిందన్నది ఏ రిపోర్టులోనూ ఉండేది కాదు.

క్విబెక్ తప్పుని యంత్రానికి అప్పజెప్పగలిగాం, ఎందుకంటే అది కూడిక. హయత్ తప్పు ఇద్దరు మనుషుల మధ్య జరిగింది. అవతలివాళ్ళు చూసుకుంటారని ఇద్దరూ అనుకున్నారు. ఇప్పుడు ఆ ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చున్నాడు, చాలా చవగ్గా, చాలా దూరంగా. ‘ఫైన్’ నొక్కి ఆ చుక్కని దగ్గర్నించి చూసేది అతనే. చూసింది అడగడానికి అతనికి ఎంత టైమిస్తారన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నిర్ణయించదు. అది ఆఫీసులో గడువులు వేసేవాళ్ళ చేతిలో ఉంది.