సిర్గాపూర్: సంక్షేమ పాలనలో అధికార బదలాయింపు

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లోని సిర్గాపూర్, 2016 అక్టోబరు జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండలమైంది. తహసీల్దారు కార్యాలయం ఊరికి దగ్గరైంది. పింఛను కాగితాల కోసం తిరిగే ముసలివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

అయితే కార్యాలయం దగ్గరవడం వేరు, నిర్ణయాధికారం దగ్గరవడం వేరు. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 11వ షెడ్యూలులో 29 అంశాలు చేర్చింది. సాంఘిక సంక్షేమం అందులో ఒకటి. వాటిని పంచాయతీలకు ఎంతమేరకు అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. 2005 ఉపాధి హామీ చట్టం మరో అడుగు వేసింది: వ్యయం లెక్కన కనీసం సగం పనులు గ్రామ పంచాయతీలవే, సామాజిక తనిఖీ గ్రామసభది. సిర్గాపూర్ అప్పట్లో ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాకు తొలి విడతలోనే ఈ పథకం వచ్చింది.

పింఛన్ల కథ వేరు: ఎంత ఇవ్వాలన్నది పంచాయతీలు కాక కేంద్రం, రాష్ట్రమే తేలుస్తాయి. 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. తెలంగాణ 2014లో ఆసరా పింఛను పథకాన్ని వెయ్యి రూపాయలతో మొదలుపెట్టి, 2019లో 2,016కు పెంచింది.