మొక్కుకు కొలమానం

వట్లూరు చుట్టుపక్కల ఊళ్లలో ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి, మేరీమాతకు కొబ్బరికాయ కొట్టి, తలనీలాలు ఇచ్చి వచ్చిన హిందువులు కనిపిస్తారు. వాళ్లలో కొందరు ఫాల్గుణంలో కొల్లేటికోట వెళ్లి, పెద్దింట్లమ్మకు పొంగలి కూడా వండి పెడతారు. మనస్తత్వశాస్త్రం వీళ్లను ఏమంటుంది? మతనిష్ఠ ఉన్నవాళ్లనా, ఆధ్యాత్మికులనా?

1902లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ చర్చినీ, పూజారినీ, సిద్ధాంతాన్నీ పక్కన పెట్టి, ఒంటరిగా ఉన్న మనిషికి దైవమనిపించినదానితో కలిగే అనుభవాన్నే మతమన్నాడు. పదేళ్లకు మరో మనస్తత్వవేత్త జేమ్స్ ల్యూబా మతానికి అప్పటిదాకా వచ్చిన నిర్వచనాలను పోగేస్తే 48 తేలాయి. తర్వాత, బయటికి కనిపించే ప్రవర్తననే చూడాలనే ప్రవర్తనావాదం రాజ్యమేలిన దశాబ్దాల్లో ఈ విషయాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మళ్లీ పట్టుకున్నది గోర్డన్ ఆల్‌పోర్ట్. చర్చికి వెళ్లేవాళ్లలో సగటున జాతి ద్వేషం ఎక్కువగా ఎందుకు కనిపిస్తోందన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. 1967లో సహపరిశోధకుడు రాస్‌తో కలిసి 20 వాక్యాల ప్రశ్నావళి అచ్చు వేశాడు. మతాన్ని జీవించేవాళ్లు ఒక వైపు, మతాన్ని వాడుకునేవాళ్లు మరో వైపు. అమెరికా చర్చిల విషయంలో అది గొప్ప చూపే. కానీ పిల్లాడికి జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న తల్లిని ఆ ప్రశ్నావళి రెండో వైపుకే నెడుతుంది. ఆమె అమ్మవారిని వాడుకుంటోందనడం నాకు అన్యాయంగా తోస్తుంది. కష్టమొస్తే చెప్పుకునే చనువు, తీరాక చెల్లించే బాధ్యత రెండూ ఉన్న సంబంధమది.

1990ల నాటికి మతం వేరు, ఆధ్యాత్మికత వేరు అనే మాట బలపడింది. 1997లో జిన్‌బావర్ బృందం 346 మందిని అడిగితే 74 శాతం మంది తమలో రెండూ ఉన్నాయన్నారు. మతం లేదు, ఆధ్యాత్మికత మాత్రమే ఉందన్నవాళ్లు 19 శాతమే. పండితులు గీసిన గీతను మామూలు జనం పెద్దగా ఒప్పుకోలేదన్నమాట. ఆ బృందంలోనే ఉన్న పార్గమెంట్ ఆధ్యాత్మికతను పవిత్రమైనదాని కోసం అన్వేషణ అన్నాడు.

ఇక్కడ మన కోనేరు రామకృష్ణారావును తలచుకోవాలి. తత్వశాస్త్రం చదివి, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరామనస్తత్వ పరిశోధకుడు జె.బి.రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగాన్ని నెలకొల్పాడు. అతీంద్రియ శక్తులపై ఆయన పరిశోధనలను చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. అయినా మనిషంటే దేహం, మనసు, చైతన్యం కలిసిన కూడిక అని ఆయన పట్టుబట్టి చెప్పింది నిలిచింది. ఆ దృష్టిలో ఆధ్యాత్మికత అంటే సాధనతో మనిషి మారడం. నమ్మకాల జాబితాకు టిక్కులు పెడితే అది అందదు. 2008లో పరంజపే, దలాల్‌లతో కలిసి భారతీయ మనస్తత్వశాస్త్ర కరదీపికకు సంపాదకత్వం వహించాడు.

ఆయన మీద ఎంత గౌరవమున్నా ఒక లోటు చెప్పక తప్పదు. అమెరికా ప్రశ్నావళి చర్చి సభ్యుణ్ని చూసింది, భారతీయ మనస్తత్వశాస్త్రం ఎక్కువగా యోగిని చూసింది. ధ్యానం చేయని, గ్రంథం చదవని, ఏడాదికోసారి జాతరకు వచ్చే మనిషి ఆ రెండింటి చూపుకీ అందలేదు. వారానికి ఎన్నిసార్లు గుడికి వెళ్తారని అడిగితే ఆ మనిషి జవాబు సున్నా. ఎవరికి మొక్కారు, ఎందుకు మొక్కారు, కోరిక తీరకపోయినా చెల్లించారా, వెంట ఎవరెవరు వచ్చారు అని అడిగే ప్రశ్నావళిని తెలుగులో, ఈ ఊళ్లవాళ్లతో మాట్లాడి తయారుచేయాలి.