తెలుగువారి పెండ్లి గుర్తులు: శుభలేఖ, పాత్ర, ఛాయాచిత్రము

మన కావ్యములలో వివాహవర్ణనములకు కొదువ లేదు. రుక్మిణీకల్యాణము, దమయంతీపరిణయము మొదలుకొని ప్రబంధముల వరకు కవులు ఆ ఘట్టమును తనివితీర వర్ణించిరి. అయినను ఆ పెండ్లిండ్లన్నియు దేవతలవి, రాజులవి. సామాన్య గృహస్థుని ఇంట జరిగిన పెండ్లిని గూర్చి తెలిసికొనగోరు పరిశోధకుడు కావ్యములను కొంతసేపు ప్రక్కనబెట్టి ఆ గృహస్థుని ఇంటికే పోవలెను. అచట అతనికి సాధారణముగ మూడు వస్తువులు కనబడును: పాత కాగితముల కట్టలో నొక శుభలేఖ, అటకమీద పేరు చెక్కిన యొక పాత్ర, గోడమీద అద్దము బిగించిన యొక ఛాయాచిత్రము. ఇంటివారికి ఇవి జ్ఞాపికలు, చరిత్రకారునికి సాక్షులు. ఈ ముగ్గురు సాక్షులలో ఛాయాచిత్రమునే మనము ఎక్కువగా నమ్ముదుము. నిజమునకు అందరిలో మితభాషి అదియే యనియు, తక్కిన రెండింటి తోడు లేనిచో దానిని చదువుట సాధ్యము కాదనియు చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

పెండ్లికిని చిత్రమునకును గల సంబంధము మనకు క్రొత్త కాదు. భాగవతమున ఉషాకన్య కలలో గాంచిన వరుని గుర్తించుటకు చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములను ఒక్కొక్కటిగ పటముపై వ్రాసి చూపినది. అనిరుద్ధుని రూపము కనబడినంతనే ఉష సిగ్గుపడి తలవంచినది. పెండ్లిచూపులకు ముందు వరుని ఫొటో పంపుమని అడుగు నేటి ఆచారమునకు ఇంతకన్న ప్రాచీనమైన పోలిక దొరకదు. అయితే ఒక విశేషమును గమనింపవలెను. మన సాహిత్యమున చిత్రపటము వచ్చునది పెండ్లికి ముందు. అది ఎన్నికకు సాధనము. జరిగిన పెండ్లిని నిలుపుకొనుటకు చిత్రమును వ్రాయించుకొనుట దేవతల విషయముననే కనబడును. పదునారవ శతాబ్దమునాటి లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమండపము పైకప్పున పార్వతీకల్యాణము చిత్రింపబడియున్నది. అచటనే అసంపూర్తిగ నిలిచిపోయిన కల్యాణమండపపు స్తంభములపై ఆ పెండ్లికి విచ్చేసిన దేవతలును, ఋషులును శిలారూపమున నేటికిని నిలిచియున్నారు. గృహస్థుని పెండ్లికి అట్టి భాగ్యము లేదు. అతని పెండ్లి మాటలో నిలిచినది.

ఆ మాటకు వ్రాతరూపములు రెండు: లగ్నపత్రిక, శుభలేఖ. వీనిని ఒకటిగ భావించుట పొరపాటు. లగ్నపత్రిక రెండు కుటుంబముల నడుమ, పురోహితుని ఎదుట, ముహూర్తమును నిశ్చయించి వ్రాసికొను పత్రము. శుభలేఖ బంధువులకు పంపు ఆహ్వానము. అచ్చుయంత్రము మన పట్టణములందు వ్యాపించుటకు పూర్వము ఆహ్వానము ప్రధానముగ నోటిమాటయే. మనుష్యుని పంపియో, స్వయముగ పోయి బొట్టుపెట్టియో పిలుచుచుండిరి. నేటికిని అచ్చుపత్రిక ఇచ్చునపుడు బొట్టుపెట్టి పిలువనిచో పిలుపు పూర్తికాలేదని భావించు కుటుంబములు గలవు. నాలుగు మూలల పసుపు పూసిన ఆ కాగితమునందు పూర్వపు పిలుపు చిహ్నమాత్రముగ మిగిలియున్నది.

శుభలేఖ యందలి వాక్యరచన చరిత్రకు మిక్కిలి ఉపయోగకరము. ‘స్వస్తిశ్రీ చాంద్రమాన’ అని ఆరంభించి సంవత్సర, మాస, పక్ష, తిథి, వార, నక్షత్ర, లగ్నములను వరుసగ చెప్పు ఆ పద్ధతి శాసనముల కాలనిర్దేశమును తలపించును. శాసనపరిశోధకునకు కలుగు చిక్కే ఇచటను కలుగును. సంవత్సరనామములు అరువదియేండ్లకొకసారి తిరిగివచ్చును గదా! ‘క్రోధి’ అని మాత్రము ఉండి ఆంగ్లతేది లేని శుభలేఖ 1904–05 నాటిదియు కావచ్చును, 1964–65 నాటిదియు కావచ్చును. తిథివారములను గణించి సరిచూచినచో చాలవరకు సందేహము తీరును. కాగితము, అక్షరముల పోత, ముద్రణాలయము పేరు తక్కిన సందేహమును తీర్చును.

కాలనిర్ణయము కేవలము పాండిత్యవినోదము కాదు. బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానినే శారదా చట్టమందురు. వరునకు 18, వధువునకు 14 ఏండ్లు కనీసవయస్సుగ ఆ చట్టము నిర్ణయించినది. చట్టము అమలులోనికి రాకమునుపే తమ పిల్లల పెండ్లిండ్లు చేసివేయవలెనని దేశమంతట తల్లిదండ్రులు త్వరపడిరి. మన పంచాంగము ప్రకారము ఆ మాసములు శుక్ల సంవత్సరము చివరిభాగము. ఆ సంవత్సరము ముగిసి ఉగాది వచ్చుటయు, చట్టము అమలులోనికి వచ్చుటయు ఇంచుమించు ఒక్క వారములోనే జరిగినవి. కావున ‘శుక్ల నామ సంవత్సర మాఘ, ఫాల్గుణ మాసములు’ అని ఉన్న శుభలేఖ ఎచటనైన లభించినచో దానిని ప్రత్యేకముగ తీసి ఉంచవలెను. అందు వధువు వయస్సు ఉండదు. ‘చి.ల.సౌ.’ అను మూడు పొడి అక్షరములు పసిబిడ్డకును, యువతికిని సమానమే. వయస్సు తెలియవలెనన్న ఛాయాచిత్రము కావలెను. కుర్చీలో కూర్చుండబెట్టిన పెండ్లికూతురి పాదములు నేలకు అందక వ్రేలాడుచున్న చిత్రములను చూచినవారికి ఈ మాట విశదమగును.

శుభలేఖ ఎవరి పేర వెలువడినదో అదియు పరిశీలింపదగినదే. ‘మదీయ ద్వితీయ పుత్రిక’ అని తండ్రియో, ‘మదీయ పౌత్రి’ అని తాతయో వ్రాయును. పాత పత్రికలలో తల్లి పేరు అరుదు. తరువాతి కాలమున తల్లిదండ్రులిరువురి పేర్లు, వధూవరుల చదువులు, ఉద్యోగములు చేరినవి. తల్లి పేరు ఏ దశాబ్దమున, ఏ జిల్లాలలో, ఏ కులములలో శుభలేఖపైకి ఎక్కినదో ఎవరైన లెక్కించినచో అదియే యొక మంచి పరిశోధనవ్యాసము కాగలదు.

పెండ్లికి సాక్ష్యము ప్రాణప్రదమైన సందర్భము ఒకటి మన చరిత్రలో కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలకు వివాహము జరిపించిరి. తెలుగునాట సంస్కర్తలు జరిపిన మొదటి వితంతువివాహమది. అట్టి పెండ్లికి పోవుటయన వెలికి సిద్ధపడుటయే. సాధారణ వివాహమునకు పిలుపు గౌరవము. ఆ వివాహమునకు పిలుపు పరీక్ష. ఎవరు వచ్చిరి, ఎవరు భోజనపంక్తిలో కూర్చుండిరి అను విషయము ఊరంతటికిని కావలసిన వార్త యైనది. ఆ ఉద్యమగాథను మనము పంతులుగారి స్వీయచరిత్రము వలన విపులముగ తెలిసికొనుచున్నాము. ఒక ఛాయాచిత్రము వధూవరుల రూపములను చూపియుండెడిదేమో గాని, పిలిచినను రానివారి పేర్లను చూపజాలదు. ఆ పని వ్రాతవలననే సాధ్యము.

శుభలేఖకు తోబుట్టువు వంటిది పెండ్లిపద్యముల కాగితము. వరుని మిత్రులో, వధువు తండ్రి నెరిగిన పండితులో అయిదో పదియో పద్యములు వ్రాసి, రంగుకాగితముపై అచ్చువేయించి, పందిటిలో చదివి పంచెడివారు. వానిలో కవిత్వము తక్కువయని మన విమర్శకులు వానిని ముట్టలేదు. కవిత్వము తక్కువయే, నిజము. కాని అందు వరుని ఊరు, గురువు, చదివిన కళాశాల, వంశమున పేరుపడినవారు శ్లేషలలోను, ఛందోబద్ధమైన పొగడ్తలలోను దాగియుందురు. ఒక ఊరిలో పద్యము వ్రాయగలవారు ఎందరుండిరో తెలియుటకు ఇంతకన్న మంచి ఆధారము లేదు.

ఇక పాత్రలు. కంచు, ఇత్తడి చెంబులపైనను, తరువాత స్టీలు పళ్ళెములపైనను ఇచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవారి పేరు, తేది చుక్కలుచుక్కలుగ చెక్కించుట తెలుగు ఇండ్లలో పరిపాటి. ఇవి గృహశాసనములు. దాత, ప్రతిగ్రహీత, కాలము: శాసనమునకు కావలసిన మూడును ఇందున్నవి. స్త్రీలు తమ పేర తాము ఇచ్చిన కానుకలు వీనివలననే తెలియును. కాని పాతపాత్రను తూకమునకు వేసి క్రొత్తదానిని కొనుట మనకు అలవాటు. ఆ విధముగ ఎన్ని శాసనములు కరగిపోయినవో!

ఛాయాచిత్రమునకు వత్తము. ఈ కళ 1839లో ఐరోపాలో ప్రకటింపబడిన కొలది యేండ్లకే భారతదేశమునకు వచ్చినది. 1856లో చెన్నపట్టణమున ఛాయాచిత్రకారుల సంఘ మేర్పడినది. హైదరాబాదు రాజ్యమున లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1886లో సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకొరకు ప్రత్యేకముగ జనానా స్టూడియోను తెరచెను. దాని నిర్వహణము ఒక ఆంగ్లవనితకు అప్పగింపబడినది. పరదా పాటించు కుటుంబముల స్త్రీలు మగవాని యెదుట కూర్చుండరు గనుక ఈ యేర్పాటు. పెండ్లికి ఫొటోగ్రాఫరును ఎన్నుకొనుటలో నేటికిని తలయెత్తు ప్రశ్న, అనగా కెమెరా వెనుక నిలుచువాడెవడు, అతనికి ఎంతవరకు ప్రవేశము అను ప్రశ్న, మన దేశమున అప్పుడే ఎంత స్పష్టముగ గుర్తింపబడినదో దీనివలన తెలియును.

పాత పెండ్లిఫొటోలలో పెండ్లి కనబడదు. ఇది వింతగ తోచవచ్చును. వధూవరులు కుర్చీలలో కూర్చుండియో, ఒకరు కూర్చుండి ఒకరు నిలుచుండియో, కదలక మెదలక ఎదుటికి చూచుచుందురు. తాళికట్టు దృశ్యము లేదు, తలంబ్రాలు లేవు. ఇందుకు మర్యాద కొంత కారణమైనను, ప్రధానకారణము వెలుగు. మన ముహూర్తములు పెక్కు రాత్రివేళలవి. ఆ కాలపు గాజుపలకలకు పగటి వెలుగు కావలెను. 1887లో మెగ్నీషియముతో చేసిన మెరుపుపొడి వచ్చినను, భగ్గున మండి పొగచిమ్ము దానిని తాటాకుపందిరి క్రింద వెలిగించుట ఎంతటి సాహసమో వేరుగ చెప్పనక్కరలేదు. గాజుబుడ్డిలో వెలుగు మెరుపుదీపములు 1930 ప్రాంతమున బయలుదేరినవి. అవి మన పల్లెపందిళ్ళకు చేరుటకు మరికొంతకాలము పట్టినది. ఉదకమండలమున 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారము 1967లో ఉత్పత్తి నారంభించినపిదప ఫిల్ము దేశమునందే తయారైనది. కావున పాతచిత్రమును చూచి ‘ఆనాటివారు నవ్వెడివారు కారు’ అనియో, ‘దంపతుల నడుమ చనువు లేదు’ అనియో తీర్మానించు పరిశోధకుడు కెమెరాస్వభావమును మనుష్యస్వభావముగ పొరబడుచున్నాడు.

దీపములు వచ్చినపిదప క్రొత్తచిక్కు వచ్చినది. పెండ్లిలో చిత్రింపవలసిన క్షణమేది? తెలుగునాట చాలమంది దృష్టిలో సుముహూర్తమన వధూవరులు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచు క్షణము. మంగళసూత్రధారణము దాని తరువాతిది. 1955 నాటి హిందూ వివాహచట్టము 7వ విభాగము, ఇరుపక్షములలో ఒకరి ఆచారము ననుసరించి జరిగిన వివాహమును అంగీకరించుచు, సప్తపది ఆచారమున్నచోట ఏడవ అడుగుతో వివాహము పూర్తియగునని చెప్పినది. కాని ఆల్బములను తిరుగవేయుడు: జీలకఱ్ఱ బెల్లము ఒకటి రెండు చిత్రములు, తాళికట్టు పది, తలంబ్రాలు ఇరువది, సప్తపది ఒకటి ఉన్న ఉండును, లేకున్న లేదు. చూడసొంపైనదే ముఖ్యమైనది యైనది. మూడుముళ్ళు పడినపిదప ‘మరియొకమారు’ అని వరుని చేయి పట్టి ఆపు ఫొటోగ్రాఫరును, మంత్రము మధ్యలో ఆగి ఎదురుచూచు పురోహితుని మనమందరము చూచియున్నాము. చిత్రమున నిలిచినది అపుడు ముహూర్తము కాదు, దాని అనుకరణము. ఫొటోగ్రాఫరును ఎన్నుకొనువారు అతని పనితనమును, వెలను విచారించుచున్నారు. ఆ కుటుంబపు ఆచారక్రమము అతనికి తెలియునా యని అడుగువారు తక్కువ. ముందురోజు పురోహితుడును అతడును పావుగంట కూర్చుండి మాటాడుకొన్నచో ఈ అపచారము చాలవరకు తప్పును.

ఈ ప్రశ్నకు నేడు వ్యవహారప్రయోజనము కూడ కలదు. వివాహముల నిర్బంధనమోదునకై ఆంధ్రప్రదేశమున 2002లో శాసనము చేయబడినది. 2006లో సర్వోన్నతన్యాయస్థానము నమోదును తప్పనిసరి చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. నమోదు కార్యాలయమున దరఖాస్తుతోపాటు శుభలేఖను, పెండ్లిఫొటోను జతపరచుట వాడుక. అనగా పిలుపును, జ్ఞాపికయును ప్రభుత్వపత్రములైనవి. అయినను తంతు జరుగక నమోదు మాత్రము జరిగినచో హిందూవివాహము కానేరదని సర్వోన్నతన్యాయస్థానము 2024లో స్పష్టముచేసినది. అట్లైన తంతు జరిగినదనుటకు ఆధారముగ నిలువవలసిన చిత్రము అనుకరణచిత్రము కారాదు గదా!

ఛాయాచిత్రము మింగివేసినవి రెండు కలవు. మొదటిది పాట. ఎదురుకోలు పాటలు, తలంబ్రాల పాటలు, వియ్యపురాండ్రను ఎత్తిపొడుచు పాటలు, అప్పగింతల పాటలు: ఇవన్నియు స్త్రీల సొత్తు. 1980 తరువాత వీడియో వచ్చినపుడు ఈ లోటు తీరవలసినది. కాని కూర్పు చేయువారు అసలు ధ్వనిని తీసివేసి సినిమాపాటలను అతికించిరి. కండ్లనీళ్ళు తెరమీద నున్నవి, అప్పగింతల పాట లేదు. ఇంతకన్న విచారకరమైన నష్టము మన జానపదవాఙ్మయమునకు ఇటీవలికాలమున కలుగలేదని నా అభిప్రాయము.

రెండవది పేర్లు. శుభలేఖయందు పేర్లున్నవి, ముఖములు లేవు; చిత్రమున ముఖములున్నవి, పేర్లు లేవు. రెండింటిని కలుపగలవారు ఇంటి పెద్ద ముత్తైదువలు. వారు గతించిన యింట ఆ చిత్రము అనాథ. నలుపుతెలుపు చిత్రములందలి వెండి చిరకాలము నిలుచును. 1970, 1980 దశకముల రంగుచిత్రములు మాత్రము అప్పుడే వెలసి ఎఱ్ఱబారుచున్నవి. నేటి పెండ్లికి వేలకొలది చిత్రములు తీయుచున్నారు గాని ఒక్కదానికైనను పేర్లు వ్రాయుట లేదు. చిత్రము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో ఎడమనుండి కుడికి పేర్లు, ఊరు, తిథి వ్రాయుట అరగంట పని. సిరా పనికిరాదు, ముందువైపునకు దిగును. విద్యార్థులు తమ ఇండ్లలోని చిత్రములతోనే ఈ పనిని ఆరంభింపవచ్చును.

పేర్లు వ్రాయునపుడు అంచులను విడువరాదు. పాతచిత్రములందు మధ్యనున్నవారు సులభముగ తెలియుదురు. ఒక మూల ఐరేని కుండలు కనబడును. వానిని చేసి, రంగులు దిద్ది తెచ్చిన కుమ్మరి కనబడడు. మరియొకమూల సన్నాయి కొన మాత్రము కనబడును. దానిని ఊదినవాని ముఖమును చట్రము కోసివేసినది. శుభలేఖయందును వారి పేర్లు లేవు, పాత్రలపైనను లేవు. ఆ కుటుంబమునకు కుండలిచ్చినదెవరు, మేళము ఎవరిది, దివిటీ పట్టినదెవరు అని ఇంటి పెద్దలను అడిగినచో చాలచోట్ల వెంటనే పేరుతో సహా చెప్పుదురు. ఇంతవరకు అడిగినవారు లేరు.