Multiple Myeloma కాదు, మామూలు నడుం నొప్పే అనుకుంటున్నారా? క్రియాటినిన్ కూడా పెరిగితే మజ్జ వైపు చూడాల్సిందే!

నడుం నొప్పి అంటూ మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్లు కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్లు మన దగ్గర ఎక్కువే. అరవై దాటినవాళ్లలో ఆ నొప్పికి రక్తహీనత తోడై, క్రియాటినిన్ కూడా పెరిగితే మాత్రం అంతా షుగర్, బీపీల మీదికి నెట్టేయకండి. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది.

మజ్జలోని ప్లాస్మా కణాల పని యాంటీబాడీలు తయారు చేయడం. ఈ జబ్బులో అవి అదుపు తప్పి ఒకే రకం ప్రొటీన్‌ను కుప్పలుగా వదులుతాయి. అందులో లైట్ చైన్లు అనే చిన్న ముక్కలు కిడ్నీ వడపోతను దాటేసి, సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. ఎముకలు కరిగి రక్తంలో పెరిగే కాల్షియం ఇంకో దెబ్బ. ఒంట్లో నీరు తగ్గినా, పెయిన్ కిల్లర్లు వాడినా డ్యామేజీ మరింత వేగంగా జరుగుతుంది.

ఇక్కడే ఉంది తిరకాసు. మామూలు యూరిన్ స్ట్రిప్ ప్రధానంగా పట్టేది ఆల్బుమిన్‌నే. లైట్ చైన్లు దానికి సరిగా చిక్కవు. రిపోర్ట్ బాగానే ఉంది కదా అని ఊరుకుంటే విలువైన టైమ్ పోతుంది. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చైన్ టెస్టుల గురించి డాక్టర్‌ను అడగండి. అనుమానం బలపడితే మజ్జ పరీక్ష చేస్తారు.

క్రియాటినిన్ 2 మిల్లీగ్రాములు దాటడం మైలోమా అవయవాలను దెబ్బతీస్తోందనడానికి ఓ గుర్తు. బోర్టెజోమిబ్, డెక్సామెథాసోన్ లాంటి మందులు ఆలస్యం కాకుండా మొదలుపెడితే, డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లలోనూ కొందరు దాని నుంచి బయటపడుతున్నారు.